కుటుంబంతో తొలి విదేశీ ప్రయాణం: నెమ్మదిగా నడిచేవారి లెక్కన

మా తొలి విదేశీ ప్రయాణంలో తొమ్మిది రోజులకు అయిదు నగరాలు పెట్టుకున్నాం. మూడో నగరంలో ఒక పెద్ద మ్యూజియం మెట్ల మీద మా ఆరేళ్ల అబ్బాయి చతికిలబడి, ఇక ఎక్కడికీ రానని ప్రకటించాడు. వాడి పక్కనే మా అమ్మ కూడా కూర్చుంది. ఆవిడ నోరు విప్పి ఏమీ అనలేదు గాని, తీర్మానం ఇద్దరిదీ అని అర్థమైంది. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎంత నడవగలరో కుటుంబ ప్రయాణం అంతే సాగుతుందని ఆ మెట్ల మీదే తెలిసింది. కింద చెప్పే ప్రతి పనినీ ఆ లెక్కతోనే చేయండి.

మొదటి పని: చోటు, రోజులు

ఎక్కడికి వెళ్దామని ఇంట్లో అడిగితే తలా ఒక ఖండం పేరు చెబుతారు. అందుకే అడగడానికి ముందే రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలి? దిగాక గడియారాన్ని ఎన్ని గంటలు తిప్పుకోవాలి? తొలిసారికి ఆరేడు గంటల లోపు నేరుగా చేర్చే విమానం, మూడు గంటల లోపు కాలభేదం ఉన్న దేశమైతే ఇంటిల్లిపాదికీ హాయి. చాలామందిలో శరీరపు గడియారం 24 గంటలకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. అందుకే రోజును సాగదీసే పడమటి ప్రయాణం తేలికగా, రోజును కుదించే తూర్పు ప్రయాణం కష్టంగా ఉంటుంది. ఒక్కో గంట తేడాకు ఒళ్లు సర్దుకోవడానికి సుమారు ఒక రోజు పడుతుందని మోటు లెక్క. ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరం వెళ్లినా అలసట తప్ప ఈ బెడద ఉండదు.

తర్వాత హోటళ్ల సంఖ్య. వారం రోజులకు ఒక్క హోటల్ చాలు, పది రోజులకు రెండు. హోటల్ మారిన రోజు సగం రోజు గల్లంతయినట్టే. ఉదయం పదకొండింటికి గది ఖాళీ చేయమంటారు, కొత్త గది మధ్యాహ్నం రెండు మూడు గంటలకు గాని ఇవ్వరు. మధ్యలో సూట్‌కేసులు, ఆకలి, నిద్రమత్తు పిల్లలు. ఒకే ఊళ్లో ఉండి చుట్టుపక్కల చోట్లకు పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడం ఎంతో మేలు.

వాతావరణం ఒకసారి చూసుకోండి. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో జూన్, జులై నెలలు చలికాలం. గల్ఫ్ దేశాల్లో అవే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. టికెట్లు చవకగా దొరికాయంటే అక్కడి వాతావరణమే కారణం కావచ్చు.

రెండో పని: కాగితాలు

ఇక్కడ మాత్రం నిదానం పనికిరాదు. ప్రయాణానికి కనీసం నాలుగైదు నెలల ముందే అందరి పాస్‌పోర్టులూ ఒక బల్ల మీద పరిచి తేదీలు చూడండి. పెద్దవారివి పదేళ్లు చెల్లినా, పిల్లలవి చాలా దేశాల్లో అయిదేళ్లకే ముగుస్తాయి. ఈ తేడా మరచిపోయి ఆఖరి వారంలో గుండెలు బాదుకునే కుటుంబాలు బోలెడు. ఎన్నో దేశాలు అక్కడ అడుగుపెట్టే నాటికి పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల నిబంధన వేరు: తిరిగి వచ్చే తేదీ తర్వాత మూడు నెలల గడువు ఉండాలి, పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు. ముద్ర వేయడానికి ఖాళీ పేజీలు కూడా ఉండాలి.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా, వెనకా, పొట్టి అక్షరమా, పూర్తి పేరా అన్న సందేహం వస్తే పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో బాణం గుర్తులతో అచ్చయిన పేరును చూడండి. విమానాశ్రయంలో యంత్రం చదివేది దాన్నే.

వీసాకు ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారానే వెళ్లండి. వెతికితే పైన కనిపించేవన్నీ అసలువి కావు. ప్రభుత్వ ముద్రలాంటి బొమ్మ పెట్టుకుని, ఉచితంగా జరిగే పనికి రుసుము గుంజే సైట్లు చాలానే ఉన్నాయి. ఉదాహరణకు సింగపూర్ ఆగమన కార్డు, 2025 మే 1 నుంచి థాయిలాండ్ కోరుతున్న డిజిటల్ ఆగమన కార్డు రెండూ ఉచితమే, చేరడానికి ముందు మూడు రోజుల్లో నింపాలి. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. సెలవుల కాలంలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం కాబట్టి ఆ 15 రోజుల మాటను నమ్ముకోకండి. వీసా చేతికి వచ్చేదాకా, రద్దు చేస్తే డబ్బు తిరిగి రాని టికెట్లు, గదులు కొనకండి.

మరో నాలుగు సంగతులు చాలామందికి తట్టవు. దారిలో విమానం మారే దేశానికి కూడా ట్రాన్సిట్ వీసా అవసరం కావచ్చు, విమానాశ్రయం గడప దాటకపోయినా సరే. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లలతో వెళ్తుంటే, రెండోవారి సమ్మతి లేఖను నోటరీ చేయించి వెంట ఉంచుకోండి. అమ్మమ్మ, తాతయ్య పిల్లల్ని తీసుకెళ్తుంటే ఇద్దరి సమ్మతీ కావాలి. పసుపు జ్వరం (ఎల్లో ఫీవర్) ఉన్న దేశాల మీదుగా వెళ్తుంటే టీకా పత్రం అడుగుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాత గాని అది చెల్లదు, ఆ తర్వాత మాత్రం జీవితాంతం చెల్లుతుంది. అన్ని కాగితాలనూ ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలో, ఈమెయిల్‌లో, ఇంటి దగ్గర ఉండే ఒక బంధువు వద్ద ఉంచండి.

టికెట్లు

కనెక్టింగ్ విమానాలైతే మొత్తం ప్రయాణాన్ని ఒకే బుకింగ్ మీద కొనండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే బుకింగ్ ఉన్నవారిని తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థదే. విడివిడిగా కొన్నవారికి ఆ రక్షణ లేదు, కొత్త టికెట్ కొనుక్కోవాల్సిందే. నలుగురికి ఆ ధర పెడితే, విడిగా కొని మిగుల్చుకున్న సొమ్ము కంటే ఎక్కువే పోవచ్చు. పిల్లలతో విమానం మారడానికి మధ్యలో కనీసం రెండున్నర గంటల వ్యవధి చూసుకోండి. బాత్‌రూముకు వెళ్లి రావడమే ఒక్కోసారి అరగంట.

రెండేళ్ల లోపు పసివారికి ఒళ్లో కూర్చోబెట్టుకునే తక్కువ ధర టికెట్ ఉంటుంది. ప్రయాణం మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు విమానంలో పూర్తి సీటు కొనాలి. ఊయల కావాలంటే ముందు వరుస సీట్లకే ఉంటుంది, బరువు పరిమితి ఉంటుంది, సంఖ్య తక్కువ. టికెట్ కొన్న రోజే అడగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి చక్రాల కుర్చీ సాయం రెండు రోజుల ముందే నమోదు చేయండి. "నేను నడవగలను" అని వారు అంటారు, వినకండి. పెద్ద విమానాశ్రయాల్లో గేటు దాకా కిలోమీటరుకు పైగా నడక ఉంటుంది.

ప్రయాణ బీమా దగ్గర ధర కంటే ముందు రెండు షరతులు చదవండి: పెద్దవారికి ఇప్పటికే ఉన్న జబ్బులకు వర్తిస్తుందా, ఆస్పత్రి నుంచి స్వదేశానికి తరలించే ఖర్చు ఇస్తారా? షెంజెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీమా సంస్థ 24 గంటల ఫోను నంబరును కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోను పోయిన రోజే ఆ నంబరు అవసరపడుతుంది.

డబ్బు

రెండు వేర్వేరు కార్డులు, ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర. విదేశీ లావాదేవీలకు అనుమతి ఉందో లేదో బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో చూసుకోండి. అక్కడ దుకాణంలో యంత్రం "మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా, ఇక్కడి కరెన్సీలోనా?" అని అడుగుతుంది. మొదటిది తెలిసిన లెక్కలా కనిపించి ఊరిస్తుంది. ఎప్పుడూ అక్కడి కరెన్సీనే ఎంచుకోండి, లేకపోతే వారు వేసుకున్న మారకపు రేటు మీకు తగులుతుంది. విమానాశ్రయంలో మొదటి రోజు టాక్సీకి, నీళ్లకు సరిపడా మాత్రం మార్చుకోండి.

మూడో పని: సామాను

ప్రతి పెట్టెలో అందరి బట్టలూ కలిపి సర్దండి. ఒక పెట్టె తప్పిపోతే ఒక మనిషికి ఏమీ మిగలకుండా పోవడం కంటే, అందరికీ కొంచెం తగ్గడం నయం. మా అమ్మ పెట్టె ఒక్కటే రెండు రోజులు ఆలస్యంగా వచ్చినప్పుడు ఆవిడ రక్తపోటు మాత్రలు అందులోనే ఉన్నాయి. అప్పటి నుంచి మందులన్నీ, కళ్లద్దాలు, ఒక జత బట్టలు చేతి సంచిలోకి మారాయి. మీ పెట్టెలను మూసే ముందు లోపలి వస్తువులను, మూశాక బయటి రూపాన్ని ఫొటో తీయండి. నల్ల సూట్‌కేసు అని చెబితే కౌంటరులోని మనిషికి ఏ ఉపయోగమూ లేదు.

మందులను డబ్బాల్లోకి మార్చకుండా అసలు ప్యాకింగ్‌తోనే తీసుకెళ్లండి. డాక్టరు చీటీ మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు రాయించుకోండి. మామూలు మందులే కొన్ని దేశాల్లో నేరం కావచ్చు. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటిన మందులను జపాన్ అనుమతించదు. కోడీన్, ట్రమడాల్ కలిసిన నొప్పి మాత్రలకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కఠిన నియంత్రణ ఉంది, ముందస్తు అనుమతి కావాలి. తినుబండారాల విషయంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అంత కచ్చితమైన దేశాలు తక్కువ. సంచిలో మిగిలిపోయిన ఒక్క ఆపిల్ పండును ప్రకటించడం మరచినా న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా వేస్తారు. దిగే ముందు పిల్లల సంచులు వెతికి చూడండి, పండ్లు దాగేది అక్కడే. సింగపూర్‌కు చూయింగ్ గమ్ తీసుకెళ్లడానికి వీల్లేదు, 1992 నుంచి నిషేధం.

పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, కింద సరుకుతో పంపకూడదు. 100 వాట్ అవర్ల లోపు ఉంటే ఇబ్బంది లేదు. మామూలుగా దొరికే 20,000 మిల్లీ ఆంపియర్ అవర్లది సుమారు 74 అవుతుంది. ఆ అంకె దాని మీద చెరిగిపోకుండా ఉండాలి. విమానంలో దాన్ని వాడనివ్వని సంస్థలు కూడా ఉన్నాయి. చాలా విమానాశ్రయాల్లో ద్రవాలు ఒక్కో సీసా 100 మిల్లీలీటర్ల లోపు, అన్నీ లీటరు సంచిలో. పసివారి పాలకు, మందులకు మినహాయింపు ఉంటుంది గాని అధికారికి ముందే చూపించాలి.

ప్లగ్ అడాప్టర్ ఒకటి, దాని వెనక నాలుగైదు రంధ్రాల పలక ఒకటి తీసుకెళ్తే ఇంటిల్లిపాది ఫోన్లూ గడిచిపోతాయి. బ్రిటన్, సింగపూర్, మలేషియాల్లో మూడు చదరపు కాళ్ల ప్లగ్గు. యూరప్‌లో చాలాచోట్ల రెండు గుండ్రని కాళ్లు. అమెరికా, జపాన్‌లలో రెండు బల్లపరుపు కాళ్లు. అడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, విద్యుత్తు వోల్టేజీని కాదు. ఫోను ఛార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి కాబట్టి సమస్య లేదు. జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని మాత్రం మీ ఇంటి వోల్టేజీకి తేడా ఉన్న చోటికి తీసుకెళ్లకండి: జపాన్‌లో 100 వోల్టులు, యూరప్‌లో 230.

నాలుగో పని: విమానం రోజు

మూడు గంటల ముందు చేరండి. ఖాళీ నీళ్ల సీసాలతో తనిఖీ దాటి, లోపల నింపుకోండి. విమానంలో గాలి తేమ 20 శాతానికి లోపే ఉంటుంది, గొంతులు ఎండుతాయి.

పిల్లలు ఏడ్చేది ఎక్కువగా దిగేటప్పుడే, చెవులు నొప్పెట్టి. చెవిని గొంతుతో కలిపే నాళం వారిలో సన్నగా ఉంటుంది, గాలి పీడనం మారితే త్వరగా తెరుచుకోదు. మింగినప్పుడల్లా అది తెరుచుకుంటుంది కాబట్టి చంటిపిల్లలకు పాలు, పెద్దపిల్లలకు చప్పరించేదేదైనా ఇవ్వండి. చాలామంది విమానం నేలను తాకే ముందు ఇస్తారు, అప్పటికి ఆలస్యమైపోతుంది. నేలకు అరగంట ముందే విమానం దిగడం మొదలవుతుంది, అప్పుడే ఇవ్వాలి. ఆ సమయంలో నిద్రపోతుంటే లేపండి, తిట్టుకున్నా సరే. పెద్దవారు నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో మధ్య మధ్య లేచి నడవాలి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కదలకుండా కూర్చుంటే పెరుగుతుంది.

ఫోన్లలో పిల్లల బొమ్మల చిత్రాలు, అక్కడి మ్యాపులు, హోటల్ చిరునామా ముందే దింపి ఉంచుకోండి. విమానాశ్రయ వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు.

అయిదో పని: దిగాక

ఇమిగ్రేషన్ దగ్గర ఎన్ని రోజులుంటారు, ఎక్కడ ఉంటారు అన్నదే ఎక్కువగా అడుగుతారు. హోటల్ చిరునామా, తిరుగు టికెట్ కాగితం మీద చేతిలో ఉంటే అరనిమిషం పని. పెట్టె రాకపోతే విమానాశ్రయం వదలకముందే సంస్థ కౌంటరులో ఫిర్యాదు నమోదు చేసి నకలు తీసుకోండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె దెబ్బతింటే అందిన నాటి నుంచి 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా క్లెయిమ్ పంపాలి. కొన్న అత్యవసర బట్టల రసీదులు పారేయకండి.

హోటల్‌కు తీసుకెళ్లే వాహనం మొదటి రాత్రికి మాత్రం ముందే మాట్లాడి ఉంచండి. మిగతా రోజుల్లో బస్సులు, మెట్రోలు ఎక్కడం పిల్లలకు వినోదమే. దిగిన రోజు ఏ టికెట్టూ కొనవద్దు. ఒక పార్కు, ఎండ, చిన్న నడక, పెందరాళే పడక.

రోజుకు ఒక్క పెద్ద చూడదగ్గ చోటు. ఉదయమే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి గదికి. సాయంత్రం మళ్లీ తలుపు తీస్తే అది అదనపు లాభం. పేరున్న చోట్లకు నిర్ణీత సమయపు టికెట్లు ముందే కొనండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకు తెరుస్తారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. సెలవు రోజు చూడకుండా వెళ్లి తలుపు ముందు ఫొటో దిగి వచ్చినవారిని నేనెరుగుదును, ఎవరో చెప్పను.

రోడ్ల విషయంలో పిల్లలకు గట్టిగా చెప్పండి. బ్రిటన్, జపాన్, థాయిలాండ్‌లలో వాహనాలు ఎడమ వైపు నడుస్తాయి, అమెరికాలోనూ యూరప్‌లో చాలా దేశాల్లోనూ కుడి వైపు. ఇంటి దగ్గర అలవాటైన వైపే చూసి అడుగు వేస్తే, కొత్త ఊళ్లో కారు వచ్చేది రెండో వైపు నుంచి కావచ్చు. రెండు వైపులా చూసి, పెద్దల చేయి పట్టుకునే దాటాలన్నది నియమం.

ప్రతి ఉదయం గది దాటే ముందు పిల్లల్ని ఒక ఫొటో తీయండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా వేశారో ఆ గాభరాలో ఎవరికీ గుర్తు రాదు. వారి జేబులో దేశపు కోడ్‌తో సహా మీ ఫోను నంబరు, హోటల్ పేరు ఉన్న చీటీ పెట్టండి. ఏ చోటికి వెళ్లినా మొదట ఒక గుర్తు చూపించి, "తప్పిపోతే ఇక్కడే నిలబడు, వెతుక్కుంటూ వెళ్లకు" అని చెప్పండి. పెద్దవారికీ ఇదే చెప్పాలి. మా ఇంట్లో తప్పిపోయింది పిల్లాడు కాదు, ఫొటోలు తీసుకుంటూ ఆగిపోయిన మా నాన్న.

అత్యవసర నంబరు గోడకు రాసినట్టు గుర్తుండాలి: యూరోపియన్ యూనియన్‌లో 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. పాస్‌పోర్టులు చాలా దేశాల్లో హోటల్ లాకరులో ఉంచి నకలుతో తిరగడం మంచిదే గాని, జపాన్‌లో విదేశీ పర్యాటకులు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. పోతే ముందు పోలీసు ఫిర్యాదు, ఆ కాగితంతో మీ దేశపు రాయబార కార్యాలయం, వారిచ్చే అత్యవసర పత్రం. ఫొటో నకళ్లు ఉంటే ఈ పని రోజులో తేలవచ్చు.

తిరుగు ప్రయాణం

యూరప్‌లో కొన్న వస్తువుల మీద పన్ను వాపసు తీసుకోవాలంటే, ఆ వస్తువులను పెట్టె అప్పగించక ముందే కస్టమ్స్‌కు చూపించాలి. అప్పగించాక అడిగితే ప్రయోజనం ఉండదు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాలు ఉంటే, మధ్యలో విమానం మారే చోట తనిఖీ దాటేదాకా వారిచ్చిన సీల్ సంచిని తెరవకండి.

సెలవులు ముగియడానికి ఒకటిన్నర రోజు ముందే ఇంటికి చేరేలా తిరుగు టికెట్ తీసుకోండి. గది ఖాళీ చేసే ముందు లాకరు, బాత్‌రూము తలుపు వెనక కొక్కెం, ప్లగ్గు రంధ్రాలు, దిండ్ల కింద, చివరగా మంచాల కింద చూడాలి. మా ఇంట్లో ఆ ఆఖరి తనిఖీ చిన్నవాడి పని. మంచం కింద దూరగలిగేది వాడొక్కడే.